మిగిలినవారిలో సగం

కర్రీ పాయింట్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పెద్దదేం కాదు. ఒక్క మనిషికి సరిపోయే కూర ప్యాకెట్ ఈ నగరంలో ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు. ప్యాకెట్ అంటే ఇద్దరికి. ఇద్దరూ కాస్త మొహమాటస్తులైతే ముగ్గురికి. ఒక్కడే తింటే రాత్రికి సగం, పొద్దున్నకి సగం. పొద్దున లేచి చూస్తే ఆ రెండో సగం మనమీద అలిగి వాసన మార్చుకుని కూర్చుంటుంది.

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందులో నేనున్న రోజుల్లో మా వీధి చివర అలాంటి కొట్టు ఒకటి ఉండేది. ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను.

"వంకాయ సగం ప్యాకెట్ కట్టిస్తారా?"

కొట్టాయన గరిటె గిన్నెలోనే ఉంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"సగమేంది అన్నా? ప్యాకెటంటే ప్యాకెటే. మిగిలిన సగం నేనెవరికియ్యాలె?"

"నాలాగే ఇంకెవరైనా ఒక్కడే వస్తే ఇవ్వండి."

"ఒక్కలే ఎవరస్తరన్నా ఈడికి? అందరు రూములోళ్లే. మీ రూంల గూడ ఆరుగురుంటుండె గదా, ఏడికి పోయిన్రు?"

"వెళ్లిపోయారు. విడతల వారీగా."

"మరి నువ్వు పోలె?"

"నాకు కంప్యూటర్ రాదు."

"మరేమొస్తది?"

"లెక్కలు."

ఆయన వంకాయ నిండు ప్యాకెట్టే కట్టి, జాలిపడి ఒక గోంగూర పచ్చడి ప్యాకెట్ ఊరికే వేశాడు. ఇద్దరికి సరిపడా కూర, నలుగురికి సరిపడా పచ్చడి పట్టుకుని గదికి వెళ్లాను.

అవి అమీర్‌పేటలో మనిషి నడవడానికి చోటు లేకుండా కోర్సుల బోర్డులు నిలబడిన రోజులు. ఏ డిగ్రీ చదివినవాడైనా కొద్ది నెలల్లో సాఫ్ట్‌వేర్ మనిషి అయిపోతాడని వాటి మీద రాసి ఉండేది. విచిత్రమేమంటే చాలామంది అయిపోయారు కూడా. నేను మాత్రం లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, సినిమాలకు హాస్యం రాద్దామని కోస్తా నుంచి బస్సెక్కి వచ్చాను. హాస్యం వినిపించిన ఆఫీసులన్నిట్లోనూ చాలా గంభీరంగా విన్నారు. ఒక నిర్మాత గారి ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజర్ నేను రాసుకొచ్చిన సీన్లన్నీ ఓపిగ్గా విని, టీ తెప్పించి, ఏం చదువుకున్నారని అడిగారు. చెప్పాను.

"ఎమ్మెస్సీ మేథ్సా? ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ," అన్నారు. నా మాటకి ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

వారం తిరక్కుండా ఆ నిర్మాత గారింట్లో, వాళ్లమ్మాయికి సాయంత్రాలు లెక్కలు చెప్పే పని దొరికింది. హాస్యం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇల్లు జూబ్లీ హిల్స్‌లో. ఫిల్మ్‌నగర్ నుంచి ఎత్తు ఎక్కి నడిచి వెళ్లేవాణ్ణి. అక్కడి రోడ్లకు నంబర్లున్నాయి గానీ వరస లేదు. లెక్కలు చదివినవాడు ఇల్లు కనుక్కోవడం మరీ కష్టం. పైగా ఆ రోడ్ల మీద నడిచేవాళ్లు పనిమనుషులన్నా అయి ఉండాలి, కుక్కల్ని తిప్పేవాళ్లన్నా అయి ఉండాలి. చేతిలో కుక్క లేకుండా, ఇస్త్రీ చొక్కాతో నడిచే నన్ను ప్రతి గేటు దగ్గరా వాచ్‌మన్ కనుమరుగయ్యేదాకా చూసేవాడు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత్తర్వాత, రోజుకి ఒకసారైనా నన్ను అంతమంది శ్రద్ధగా చూస్తున్నారు కదా అని సరిపెట్టుకున్నాను.

సినిమావాళ్ల ఇళ్లలో నేను చూసిన పద్ధతి ఒకటి చెప్పాలి. షూటింగ్ నడుస్తున్నంతకాలం ప్రొడక్షన్ మేనేజర్ యూనిట్ భోజనాలు, బళ్లు, మనుషులు అన్నీ చూస్తాడు. షూటింగ్ లేనప్పుడు ఊరికే ఉండలేడు కనుక నిర్మాత ఇల్లు చూస్తాడు. గ్యాస్ బండ, కుక్కకి టీకా, అమ్మాయికి మాస్టారు, అన్నీ ఆయన చేతిమీదుగానే. ఆ నిర్మాత గారి సినిమాలు వరసగా రెండు ఆడలేదు. అంచేత మేనేజర్ గారు పూర్తిగా ఇంటిమీదే ఉన్నారు, ఇంటికేమో అంత మేనేజరు అవసరం లేదు. ఆయన వరండాలో సెల్‌ఫోన్ పట్టుకు కూర్చుని పాలవాడికి సాయంత్రమే ఫోన్ చేసి, "రేపు పొద్దున ఆరింటికి. ఆలస్యం కాకూడదు, అవతల కాఫీ ఉంది," అని చెప్పేవారు.

అమ్మాయి ఆరో తరగతి. తండ్రి ఫైనాన్షియర్ల దగ్గర కూర్చునేవారు, తల్లికి బంజారా హిల్స్‌లో చీరల దుకాణం ఉండేది. ఇద్దరూ దీపాలు పెట్టాకే ఇంటికొచ్చేవారు. మేమిద్దరం కింద హాల్లో, పన్నెండు కుర్చీల భోజనాల బల్ల దగ్గర ఒక మూలన కూర్చునేవాళ్లం. ఇద్దరం కూర్చుంటే బల్లలో ఆరో వంతు నిండేది. మిగతా కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండేవి. తెలివైన పిల్ల. నా జోకులకు నవ్వేది కాదు, అర్థమైనట్టు చూసేది. అంతకన్నా నేను ఎవరి దగ్గరా ఆశించలేదు.

గుణకారాలు, భాగహారాలు బాగానే చేసేది. భిన్నాల లెక్కల్లో, అంటే మాటల్లో ఇచ్చే లెక్కల్లో, ఒక చోట ఎప్పుడూ బోల్తా పడేది. ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను: ఒక పెళ్లికి అరవై మంది వచ్చారు. వారిలో మూడింట రెండు వంతులు పెళ్లికూతురి తరఫువారు. మిగిలినవారిలో సగం మంది పెళ్లికొడుకు తరఫువారు. తతిమ్మావారు ఇరుగుపొరుగు. ఎవరెంతమంది?

పెళ్లికూతురి వైపు నలభై అని రాసింది. పెళ్లికొడుకు వైపు ముప్పై అని రాసింది. పెన్సిల్ కింద పెట్టేసింది.

"సగం దేనిలో తీశావు?"

"అరవైలో."

"మిగిలినవారిలో అని ఉంది కదా?"

"ఉంది సార్."

"నలభై, ముప్పై కలిపితే డెబ్బై. వచ్చిందే అరవై మంది. ఆ పదిమంది ఎక్కడి నుంచి వచ్చారు?"

ఆ అమ్మాయి నా అమాయకత్వానికి ఓర్చుకుంటున్నట్టు చెప్పింది. "ఎక్కడ్నుంచీ రాలేదు సార్. వాళ్లే. ఫస్టు షాట్‌లో పెళ్లికూతురి వైపు కూర్చుంటారు. షాట్ మారాక కండువాలు మార్చుకుని పెళ్లికొడుకు వైపు కూర్చుంటారు. నేను చూశాను, నాన్న సినిమాలో. క్రౌడ్ అలాగే చేస్తారు."

"క్రౌడ్ అంటే?"

"మేనేజర్ అంకుల్ రమ్మంటే వచ్చేవాళ్లు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతారు. ఎప్పుడు నవ్వమంటే అప్పుడు నవ్వుతారు."

ఎమ్మెస్సీలో ఈ సందర్భం నాకు ఎవరూ చెప్పలేదు. ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలన్నది లెక్కల పుస్తకాలు రాసినవాళ్లు చెప్పకుండానే అందరికీ తెలుసనుకున్నారు. ఈ ఇంట్లో అది తెలిసే అవకాశం లేదు. ఒక మనిషి పెళ్లికూతురికి మేనమామ అయ్యి, కాఫీ తాగి వచ్చి పెళ్లికొడుక్కి బాబాయి అవుతాడు. మిగిలినవారు అంటూ ఎవరూ ఉండరు. అందరినీ మళ్లీ వాడుకోవచ్చు.

"లెక్కల్లో షాట్ మారదు," అన్నాను.

"ఎందుకు మారదు?"

"ఖర్చు ఎక్కువ."

అర్థమైనట్టు చూసింది గానీ, ఆ వారమంతా మళ్లీ మొత్తంలోంచే తీస్తూ పోయింది.

అంతలో ఆమె పుట్టినరోజు దగ్గరికొచ్చింది. అంతకుముందు ఏడాది తండ్రి సినిమా షూటింగ్ నడుస్తుండటంతో అందులో హీరో కేక్ కోయించడానికి వచ్చాడట. క్లాసంతా ఆటోగ్రాఫు పుస్తకాలతో దిగారట. ఆ సాయంత్రం గురించి ఆమె ఎక్కువగా చెప్పేది కాదు. "అందరూ హీరో అంకుల్ చుట్టూనే ఉన్నారు సార్. కేక్ నేనే కోసుకున్నాను," అని మాత్రం ఒకసారి అంది.

ఈసారి హీరో రావడం లేదు. ఆయన వేరే నిర్మాతతో ఉన్నాడు. క్లాసులో మిగతా ముప్పై ఆరుగురికీ కార్డులిస్తూ ఆ సంగతి కూడా చెప్పేశానని నాతో చెప్పింది.

"ఎందుకు చెప్పావు?"

"చెప్పకపోతే, ఎంతమంది నాకోసం వచ్చారో ఎలా తెలుస్తుంది?"

నేను పుస్తకం తెరిచాను. మూసేయమంది.

"పుస్తకంలో లెక్కలొద్దు సార్. ఇది చేద్దాం." తెల్లకాగితం మీద తనే రాసింది. ముప్పై ఆరుగురిలో మూడో వంతు తప్పకుండా వస్తామన్నారు. మిగిలినవారిలో నాలుగో వంతు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. ఆ మిగిలినవారిలో సగం మంది చూద్దాం అన్నారు. తతిమ్మావారు ఏమీ అనలేదు. క్లాసులో ఎవరెవరు ఏమన్నారో వేళ్లమీద లెక్కపెట్టి, దాన్ని భిన్నాల్లోకి తనే మార్చుకుంది. నేను చెప్పిన పాఠం ఒకళ్లు ఇంత శ్రద్ధగా వాడుకోవడం అదే మొదలు.

లెక్క రాయడం వచ్చింది గానీ చేయడం పాత పద్ధతే. మూడో వంతు పన్నెండు. నాలుగో వంతు మళ్లీ ముప్పై ఆరులోనే తీసి తొమ్మిది. సగం అంటే పద్దెనిమిది. కూడితే ముప్పై తొమ్మిది.

"ముప్పై తొమ్మిది మంది సార్," అంది. ముఖంలో సంతోషం దాచుకోవడం ఆ పిల్లకి చేతకాదు.

సరిచేయడం నా పని. అయినా కాసేపు కిటికీలోంచి లాన్ వైపు చూస్తూ కూర్చున్నాను. లాన్ పెద్దది. ముప్పై తొమ్మిది మంది సుఖంగా పడతారు.

చివరికి ఇంకో లెక్క చెబుతాను రాసుకోమన్నాను. అప్పటికప్పుడు వేరే ఏదీ తట్టక, దగ్గర్లో ఉన్నదే చెప్పాను. ఒక గదిలో ఆరుగురు ఉండేవారు. వారిలో సగం మందికి మాదాపూర్‌లో ఉద్యోగాలొచ్చి అటే వెళ్లిపోయారు. మిగిలినవారిలో మూడో వంతు బెంగుళూరు రైలెక్కాడు. ఆ మిగిలినవారిలో సగం పెళ్లి చేసుకుని కూకట్‌పల్లిలో కాపురం పెట్టాడు. గదిలో ఎంతమంది ఉన్నారు?

తన పద్ధతిలో చేసింది. ఆరులో సగం మూడు, మూడో వంతు రెండు, మళ్లీ సగం మూడు. "ఎనిమిది మంది వెళ్లిపోయారు సార్." అని తనే ఆగింది. "ఆరుగురే కదా ఉంది."

"మాదాపూర్ వెళ్లినవాడు మళ్లీ గదికొచ్చి బెంగుళూరు రైలెక్కడు. వెళ్లినవాడు వెళ్లినట్టే. వాడు లెక్కలోంచి పోయాడు. ఇక ఉన్నవాళ్లనే మొత్తం అనుకోవాలి."

"షాట్ మారినా రారా?"

"రారు. మొదట్లో ఆదివారాలు వచ్చేవారు."

ఆమె కాగితం మీద ఆరు సున్నాలు చుట్టింది. మూడు కొట్టేసింది. మిగిలిన మూడింట్లో ఒకటి కొట్టేసింది. మిగిలిన రెంటిలో ఒకటి కొట్టేసింది. చాలా నెమ్మదిగా, తప్పు లేకుండా చేసింది. ఆఖరి సున్నా మీద పెన్సిల్ ఆనించి కూర్చుంది.

"ఈ ఒక్కడు ఏం చేస్తాడు సార్?"

"లెక్కలో అది అడగలేదు."

లెక్కలో అడగలేదు గానీ, ఆ ఒక్కడు చేసేది పెద్దగా ఏమీ లేదు. గదిలో వాళ్లు వదిలేసిన మడతమంచాలు అలాగే ఉండేవి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అమ్మేద్దామని ప్రతివారమూ అనుకునేవాణ్ణి, ఎవడైనా వస్తే పడుకోవడానికి ఉంటాయిలే అని మానేసేవాణ్ణి. రోజుకొక మంచం మీద పడుకునేవాణ్ణి. వాటిలో దేనికీ అన్యాయం జరగకూడదు కదా. కిటికీ పక్క మంచం మీద పడుకున్న రోజు బెంగుళూరు వాడిలా గోడవైపు తిరిగి పడుకోవాలనిపించేది. ఆ పిల్ల చెప్పిన కండువాల సంగతి అప్పుడప్పుడు గుర్తొచ్చేది.

ఆమె తన పుట్టినరోజు లెక్క మళ్లీ మొదలుపెట్టింది. పన్నెండు. మిగిలింది ఇరవై నాలుగు, అందులో నాలుగో వంతు ఆరు. మిగిలింది పద్దెనిమిది, అందులో సగం తొమ్మిది. ఏమీ అననివాళ్లు తొమ్మిది. అంతా సరిగ్గా వచ్చింది. కూడుకుంటే వస్తామన్నవాళ్లూ, అడిగి చెబుతామన్నవాళ్లూ, చూద్దామన్నవాళ్లూ కలిసి ఇరవై ఏడు.

"ఇందాక ముప్పై తొమ్మిది ఉన్నారు," అంది.

"అవును."

"నేర్చుకుంటే తగ్గిపోతున్నారు సార్."

ఆ సాయంత్రం ఆమె పక్క కాగితం మీద ఇంకేదో ప్రయత్నించి, కొట్టేసి, నా వంక చూసింది. "మిమ్మల్ని కూడా కలుపుదామనుకున్నా సార్. ముప్పై ఏడు అయితే మూడో వంతు రావడం లేదు. నాలుగో వంతూ రావడం లేదు. దేనికీ రావడం లేదు."

"రాదు. ముప్పై ఏడు అలాంటి సంఖ్య. ఎవరితోనూ కలవదు."

"అందుకని మీరు లెక్కలో వద్దు. కానీ రండి."

గేటు దాటుతుంటే వరండాలోంచి మేనేజర్ గారు కూడా పిలిచారు. "మాస్టారూ, పుట్టినరోజు నాడు మీరు తప్పకుండా రావాలి. సాయంత్రం ఐదున్నరకల్లా ఇక్కడుండాలి." తప్పకుండా రావాలని నాతో అన్నవాళ్లు ఆ ఏడాది మరెవరూ లేరు. ఆయన పాలవాడితో కూడా అలాగే మాట్లాడతారన్న సంగతి ఎత్తు దిగేటప్పుడు గుర్తొచ్చింది గానీ, పట్టించుకోలేదు.

ఆ రోజు నాకున్న మంచి చొక్కా ఇస్త్రీకిచ్చి వేసుకున్నాను. బహుమతిగా ఒక రంగు పెన్సిళ్ల పెట్టె కొన్నాను. ముప్పై ఆరు రంగులది దొరికింది, అదే తీసుకున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు వాచ్‌మన్లు చూస్తుంటే ఈసారి పెట్టె కాస్త పైకెత్తి పట్టుకున్నాను, పని మీద వెళుతున్నాననిపించేలా.

గేటు లోపల అడుగుపెట్టి ఆగిపోయాను. లాన్ నిండా పిల్లలు. బుడగలు, రంగు కాగితాలు, వీడియో కెమెరా, రెండు లైట్లు. ఏమీ అనని తొమ్మండుగురు కూడా వచ్చేశారనుకున్నాను. నిజంగా సంతోషమేసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించి చుట్టూ చూశాను.

అప్పుడు ఒక సంగతి కనిపించింది. పిల్లల్లో ఎవరూ పరిగెత్తడం లేదు. ఎవరూ బుడగ పగలగొట్టలేదు. చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు ఉన్నా తినకుండా పట్టుకుని నిలబడ్డారు. అందరి కళ్లూ ఒకే వైపు ఉన్నాయి. కేక్ వైపు కాదు, మేనేజర్ గారి వైపు. ఆయన చెయ్యి ఎత్తితే చప్పట్లు కొట్టారు. దించితే ఆపారు. పిల్లలు అంత క్రమశిక్షణగా ఉండటం నేను ఏ స్కూల్లోనూ చూడలేదు.

దూరంగా, గులాబీ కుండీల దగ్గర కొందరు పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ, పోట్లాడుకుంటూ ఉన్నారు. వాళ్లు ఆమె క్లాసువాళ్లని చూడగానే తెలిసింది.

మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెమటలు కక్కుతున్నారు. చాలారోజుల తర్వాత పని దొరికిన మనిషి ముఖం.

"ఏం చేయమంటారు మాస్టారూ? మధ్యాహ్నం నుంచి ఫోన్లు. ఒకళ్లకి జ్వరమంట. ఒకళ్లకి ఇంకో పార్టీ అంట. అమ్మగారు వంటింట్లో కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఇంత లాన్ ఖాళీగా ఉంటే పాప కేక్ ఏం కోస్తుంది చెప్పండి? జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకి ఫోన్ కొట్టాను. గంటలో దింపేశాడు పిల్లల్ని. బట్టలతో సహా."

"పాపకి తెలుసా?"

"చిన్నపిల్లండీ, ఏం తెలుస్తుంది? స్కూలువాళ్లే అనుకుంటుంది."

తన క్లాసులో ఎవరున్నారో ఆరో తరగతి పిల్లకి తెలియదని ఆయన నమ్మారు. మంచి మనిషి. కేక్ కోసేటప్పుడు చుట్టూ ఖాళీగా ఉండకూడదనేది ఆయన ముప్పై సినిమాల్లో నేర్చుకున్న ప్రేమ. అది ఆయనకి వేరే రకంగా చూపించడం రాదు.

ఆయన వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి లాన్ వైపు చూశారు. "ఎడమవైపు పలచగా ఉంది. మాస్టారూ, కాస్త అటు నిలబడండి. ఇదిగో, ఈ పాప చెయ్యి పట్టుకోండి. తండ్రిలా ఉంటుంది." పిల్లలందరికీ పెట్టినట్టే నా నెత్తిన కూడా ఒక ఎర్ర కాగితపు టోపీ పెట్టారు.

అటు వెళ్లి నిలబడ్డాను. వద్దనడానికి కారణమేదీ తోచలేదు. ఆ పిల్లకి ఏడెనిమిదేళ్లుంటాయి. అడక్కుండానే నా చేతిలో చెయ్యి పెట్టేసింది, అలవాటైన పనిలా. చెయ్యి చిన్నది, కొంచెం చెమటగా ఉంది.

"ఎన్ని సిన్మాలల్ల చేసినవంకుల్?" అంది.

"ఇదే మొదటిది."

"కెమెరా దిక్కు చూడొద్దు మరి. కేక్ దిక్కు చూడు."

కేక్ వైపు చూశాను. కొత్త గౌనులో ఆమె కత్తి పట్టుకుని నిలబడి ఉంది. తల్లి ఒక పక్క, తండ్రి ఒక పక్క. ఆమె కేక్ వైపు చూడటం లేదు. పెదాలు కదులుతున్నాయి. పాట పాడుతోందనుకున్నాను. లెక్కపెడుతోంది.

మేనేజర్ గారు చెయ్యి ఎత్తారు. నేనూ చప్పట్లు కొట్టాను. పక్కనున్న పిల్ల కొట్టమని మోచేత్తో పొడిచింది.

"ఇంకోసారి తీసుకుందాం, అమ్మగారి వైపు నుంచి," అన్నారు మేనేజర్ గారు వీడియో అబ్బాయితో. పిల్లలు ఒకళ్ల టోపీలు ఒకళ్లు మార్చుకుని గబగబా అవతలి వైపు నడిచారు. ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. నన్ను కూడా కుడివైపుకి తెచ్చి, ఎర్ర టోపీ తీసి పచ్చది పెట్టి, ఈసారి ఇంకో పిల్లకి తండ్రిని చేశారు. మొదటి పిల్ల వెళ్లిపోతూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమెకి అప్పటికే వేరే నాన్న దొరికాడు.

క్లాసు పిల్లలకి కార్లు వచ్చాయి, వెళ్లిపోయారు. తక్కినవాళ్లని ఒక వ్యాను ఎక్కించారు. ఎక్కాక గానీ వాళ్లు అల్లరి మొదలుపెట్టలేదు. వ్యాను గేటు దాటేటప్పుడు లోపల ఒక బుడగ పగిలిన చప్పుడు వినిపించింది. లైట్లు తీసేశారు. లాన్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, నేను మిగిలాం. వెళ్లాలని తెలుసు. గదిలో నిన్నటి కూర సగం ఉంది. తొందరేం లేదనిపించింది.

పుట్టినరోజు పిల్ల కాగితపు ప్లేటులో కేక్ ముక్క పట్టుకొచ్చి నాకిచ్చి, పక్క కుర్చీలో కూర్చుంది. నేనిచ్చిన పెన్సిళ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుంది. విప్పలేదు.

"తప్పకుండా వస్తామన్న పన్నెండు మందిలో సగం వచ్చారు సార్," అంది. "మొత్తంలో అయితే ఆరో వంతు."

ఏది దేనిలో సగమో, ఏది దేనిలో ఆరో వంతో అడక్కుండానే చెప్పింది. ఇన్నాళ్లూ నేను నేర్పాలనుకున్నది అదే. "కరెక్ట్," అన్నాను. అంతకన్నా పనికొచ్చే మాట ఏదైనా ఉంటుందేమోనని వెతుక్కున్నాను.

"మిగిలినవాళ్లు మేనేజర్ అంకుల్ రమ్మంటే వచ్చారు. రెండోసారి టోపీలు మార్చుకున్నారు. అయినా నేను ఒక్కసారే లెక్కపెట్టాను."

"అది చాలా ముఖ్యం," అన్నాను. "నేను మాత్రం నువ్వు రమ్మంటే వచ్చాను."

ఆమె నా నెత్తిమీద పచ్చ టోపీ వంక చూసింది. అది ఇంకా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"మిమ్మల్ని ముందు ఎడమవైపు నిలబెట్టారు. తర్వాత కుడివైపు నిలబెట్టారు. నేను కేక్ దగ్గర్నుంచి చూశాను," అంది. "మీరు కూడా క్రౌడే సార్."